నాకు రెండు, చెల్లికి సున్నా

9 మార్చి 2024, శనివారం

నాన్న పోయి పదహారు రోజులు. తెలుక్ ఇంటాన్ ఇంట్లో ఆయన బీరువా ఈరోజు తెరిచినాము, నేనూ చెల్లి సుగంధీ. ఈ నోటుపుస్తకం అందులోదే. ఒక్క పేజీ వాడలేదు. క్లాంగ్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. తెలుగులోనే రాస్తాను. నా భార్య మీనాచ్చికి తమిళం తప్ప చదవడం రాదు, పిల్లలకి అదీ అంతంతమాత్రం. నాన్న చెవి మెలిపెట్టి అఆలు దిద్దించినందుకు యాభై ఎనిమిదో ఏట ఇదొక సుఖం.

బీరువా పై అరలో కవరు. అందులో ఒకటే కాగితం. ఎస్టేటులో ముప్పై ఎనిమిదేళ్ళు పెద్ద కిరాణీగా, అంటే గుమాస్తాగా, రబ్బరు తూకాలు రాసిన ఆ గుండ్రటి అక్షరాలే.

"పన్నెండు బోరు తుపాకీ దేవరాజన్‌కి. ఇరవై బోరు తుపాకీ సుగంధికి. ఇద్దరూ పద్ధతిగా లైసెన్సు తీసుకోవాలి. దొరసామి."

కింద తేదీ. ఆరేళ్ళ కిందటిది. అంటే ఆరేళ్ళ నుంచి ఆయన మనసులో ఇది ఖాయం. ఆ ఆరేళ్ళలో ఎన్ని ఆదివారాలు ఆయన ఎదురుగా కూర్చొని కాఫీ తాగినానో. ఒక్క మాట అనలేదు.

సుగంధి చదివి కళ్ళు తుడుచుకున్నాది. నేను కాగితం వెనక్కి తిప్పి చూసినాను. వెనక ఏటీ లేదు.

10 మార్చి

ఇరవై బోరు సుగంధికి.

16 మార్చి, శనివారం

పోలీసులు చెప్పిన ప్రకారం నాన్న పోయిన మర్నాడే రెండు తుపాకులూ తెలుక్ ఇంటాన్‌లో గన్ షాపుకి అప్పజెప్పినాము. మా పేర్ల మీదికి మారేదాకా అక్కడే ఉంటాయి. ఈరోజు రెండు గంటలు కారు నడుపుకొని వెళ్ళి చూసి వచ్చినాను. షాపు ఓనరు, టౌకే అంటాము, రెంటినీ తీసి కౌంటర్ మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి పక్కపక్కన పెట్టినాడు.

రెండూ పార్కర్లే. జోడు గొట్టాలవి, అమెరికావి, ఇంచుమించు నూరేళ్ళవి. అరవైల్లో ఎస్టేటు వదిలి వెళ్ళిపోతూ ఒక అమెరికన్ దొర నాన్నకి అప్పజెప్పిపోయినాడు. ఒకే కంపెనీ, ఒకే దొర, ఒకే ఇల్లు. పోలిక అంతవరకే.

నాది ట్రోజన్. పార్కర్ వాళ్ళు చేసిన వాటిలో అన్నిటికన్నా సాదాది. గొట్టాలని పట్టి ఉంచే ఉక్కు ఫ్రేము మీద పువ్వు లేదు, తీగ లేదు. భుజానికి ఆనే చోట నల్ల రబ్బరు పలక, దాని మీద కుక్క తల. గొట్టాలు విప్పితే కింద కొక్కెం మీద ఒక అంకె కొట్టి ఉంటాది. అది ఫ్రేము సైజు. నాదాని మీద 2.

చెల్లిది డి గ్రేడు. ఫ్రేముకి రెండు పక్కలా వేటకుక్కలు, గడ్డిలోంచి లేస్తున్న పిట్టలు, చుట్టూ వెంట్రుకంత సన్నటి తీగలు. గొట్టాల నడిమి పట్టీ మీద టైటానిక్ స్టీల్ అని రాత. భుజానికి ఆనే చోట రబ్బరు కాదు, చుట్టూ ఉక్కు చట్రం, మధ్యలో చెక్క కనిపిస్తాది, ఆ చెక్క మీద కూడా గళ్ళ నగిషీ పెట్టినారు. భుజం కిందికి పోయే దానికి, ఎవరికీ కనబడని దానికి, నగిషీ! కొక్కెం మీద అంకె 0.

లోకంలో సున్నా అంటే ఏటీ లేదని. పార్కర్ వాళ్ళ లెక్కలో సున్నా అంటే సన్నం, తేలిక, పొందిక. అంకె పెరిగే కొద్దీ మొద్దు.

"ఈ చిన్నది చూడు బాస్," అన్నాడు టౌకే. "నా కౌంటర్ మీదికి ఇలాంటివి మూడు కూడా రాలేదు, మా నాన్న కాలం నుంచి."

"మరి ఇది?"

"ఇది కూడా మంచిదే లా. గట్టిది."

గట్టిది. ఎద్దుని చెప్పినట్టు చెప్పినాడు.

24 మార్చి, ఆదివారం

నెమ్మదిగా ఆలోచిస్తే ఇందులో బాధపడవలసినది ఏటీ లేదు. కొలతల సంగతి, అంతే.

పార్కర్ వాళ్ళకి ఫ్రేముల పిచ్చి. పన్నెండు బోరుకి సాధారణంగా రెండు, తేలికది కావాలంటే ఒకటి. బోరు అంకె పెరిగితే గొట్టం సన్నం కాబట్టి ఇరవైకి సున్నా. ఇరవై ఎనిమిదికి రెండు సున్నాలు, ఇంకా చిన్న నాలుగు పది బోరుకి మూడు సున్నాలు. మిగతా తుపాకీ కంపెనీల్లో ఫాక్స్ వాళ్ళు ఇంత గొడవ పడలేదు. పదహారుకీ ఇరవైకీ ఒకే ఫ్రేము వాడినారు, వెనక వైపు గుండ్రం చేసి వదిలినారు, చేతిలో గులకరాయిలా ఉంటాదంట. ఎల్.సి. స్మిత్ పక్క ప్లేట్లు చెక్కలోకి పొడుగ్గా సాగుతాయి కాబట్టి నగిషీకి బోలెడు చోటు. వించెస్టర్ ట్వెంటీవన్ వెడల్పుగా బండగా ఉంటాది, అయినా దాన్ని ఎవరూ తక్కువ అనరు. అంటే బండగా ఉన్నంత మాత్రాన తక్కువ కాదు.

ఇదంతా పొద్దుట నుంచి కంప్యూటర్ ముందు కూర్చొని చూసినది. మీనాచ్చి రెండుసార్లు భోజనానికి పిలిచినాది.

నాకు ఇరవై ఒకటేళ్ళప్పుడు పోర్ట్ క్లాంగ్‌లో మొదటి ఉద్యోగం, సెలవుకి ఎస్టేటుకి వెళ్ళినాను. సుగంధికి పన్నెండు. క్వార్టర్స్ వెనక నాన్న కొయ్య మీద కొబ్బరి చిప్ప పెట్టి ఆ చిన్న తుపాకీ దాని చేతికి ఇచ్చినాడు. ఆ రోజుల్లో ఎస్టేటులో ఎవరు అడిగినారు. మొదటి దెబ్బకే చిప్ప ఎగిరిపోయినాది. నాన్న నవ్వినాడు. పొట్ట పట్టుకొని, కళ్ళంట నీళ్ళొచ్చేలా. ఆయన అంతలా నవ్వడం నేను అంతకు ముందు వినలేదు. తర్వాత నేను పన్నెండు బోరుతో నాలుగు చిప్పలు కొట్టినాను. నాలుగూ తగిలినాయి. "బాగున్నాది," అన్నాడు.

అసూయ అని ఎవరైనా అంటే నవ్వొస్తాది. చెల్లెలి మీద ఎవరికి అసూయ.

2 ఏప్రిల్, మంగళవారం

సుగంధి కౌలా సెలంగోర్ నుంచి బస్సులో వచ్చినాది. తుపాకీ ఒకరి పేరు మీదికి మారాలంటే ఇంకొక వారసుడు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలంట. రెండు కాగితాలు తెచ్చినాది, నాది ఒకటి, దానిది ఒకటి.

నాదాని మీద వంటింట్లో నిలబడే సంతకం పెట్టేసినాది. చెయ్యి తడిగా ఉన్నాది, పైట చెంగుకి తుడుచుకొని, చదవకుండా. దానిది నా ముందు పెట్టినాది.

"కళ్ళద్దాలు ఆఫీసులో ఉండిపోయినాయి," అన్నాను. "ఉంచు. చదివి సంతకం పెట్టి నేనే పోలీసు బాలైకి పోస్టు చేస్తాను."

"సరే అన్నా. కొంచెం బేగి పంపు లా. తోటలో కొత్త మొక్కలు ఏసినాం. అడివి పందులు వాసన పట్టేసినాయి."

మీనాచ్చి చేసిన పులిహోర డబ్బాలో పెట్టించుకొని వెళ్ళినాది.

కళ్ళద్దాలు చొక్కా జేబులోనే ఉన్నాయి.

9 ఏప్రిల్

ఉగాది. పొద్దుటే సుగంధి ఫోన్. పచ్చడిలోకి వేపపువ్వు దొరికినాదా అని అడిగినాది. తర్వాత, "కాగితం పంపినావా అన్నా?"

"పంపినాను."

నోట్లోంచి వచ్చేసినాది. రేపు పంపితే అది అబద్ధం కాదు కదా. ఒక్క రోజు ముందు చెప్పిన నిజం.

10 ఏప్రిల్

ఈరోజు హరి రాయ, రంజాన్ పండగ. పోస్టాఫీసు మూసి ఉన్నాది. నా తప్పు కాదు.

15 ఏప్రిల్

పోస్టాఫీసు తెరిచినారు. పొద్దుట నుంచి కంటైనర్లు వరసగా దిగినాయి, గోడౌన్ వదిలి కదలలేకపోయినాను.

20 ఏప్రిల్, శనివారం

నా తుపాకీ ఇంటికి వచ్చినాది. నా పేరు మీద లైసెన్సు. దేవరాజన్ దొరసామి. చూసుకొని చాలాసేపు కూర్చున్నాను. ఉక్కు బీరువాలో పెట్టే ముందు మీనాచ్చి రెండు చేతులతో ఎత్తి, "అబ్బా, ఇంత బరువా," అన్నాది తమిళంలో.

"తుపాకీ అంటే బరువే ఉండాలి," అన్నాను.

మధ్యాహ్నం షూటింగ్ క్లబ్బుకి తీసుకెళ్ళినాను. గాల్లోకి విసిరిన ఇరవై అయిదు మట్టి పళ్ళేల్లో పద్ధెనిమిది కొట్టినాను. మొదటిసారికి మంచిదే. రెండో నంబరు ఫ్రేము దెబ్బని మింగేస్తాది, భుజానికి నొప్పి తెలియదు. బరువు వల్లే ఊపు కూడా నిలకడగా ఉంటాది. ఇదంతా లోగేశ్వరన్‌కి చెప్పినాను. క్లబ్బులో పాత మెంబరు, నాన్నని ఎరిగినవాడు. ఓపిగ్గా విన్నాడు.

"మీ అప్ప దగ్గర ఇంకోటి ఉండేదే, చిన్నది, కుక్కల బొమ్మలది. అది ఎవరికి?"

"చెల్లెలికి."

"ఓ," అన్నాడు.

ఆ "ఓ" ని ఇంటిదాకా మోసుకొచ్చినాను.

5 మే, ఆదివారం

కౌలా సెలంగోర్ వెళ్ళినాను. సుగంధి రమ్మన్నాది. అది, దాని భర్త శివనేశన్, నాలుగు ఎకరాల పామాయిల్ తోట. పాత చెట్లు కొట్టేసి పోయిన ఏడాది చివర కొత్త మొక్కలు నాటినారు. ఇల్లు తోట చివరన ఉన్నాది.

ముందు తోట చూపించినాది. పందులు మొక్క మొదలు తవ్వి లోపలి మెత్తటి గుజ్జు తినేసి మట్టలు పక్కన పడేసినాయి. వరసగా, ఎవరో లెక్క ప్రకారం చేసినట్టు. ముప్పై ఒకటి. సుగంధి ఒక్కొక్క గుంత దగ్గరా ఆగినాది. శివనేశన్ పాత రేకు డబ్బాలు తాళ్ళకి కట్టినాడు, గాలికి మోగుతాయని. పందులు రెండు రోజులు బెదిరినాయంట.

"బాలైకి ఫోన్ సేసినాను అన్నా," అన్నాది. "నీ కాగితం అందలేదంటన్నారు. పోస్టులో పోయినాదేమో. ఇంకోటి రాసి తెత్తునా?"

అప్పుడు చెప్పేయవలసినది. నోరు తెరిచినాను కూడా.

"వద్దు. నేను కనుక్కుంటాను. వాళ్ళ దగ్గరే ఎక్కడో ఫైల్లో ఉంటాది."

"వోళ్ళ పన్లు అలగే ఉంటాయి బావా," అన్నాడు శివనేశన్. నన్ను ఓదారుస్తున్నట్టు.

భోజనాల దగ్గర నేనే కదిపినాను. "అసలు పందులకి ఇరవై బోరు సరిపోదు. పన్నెండు కావాలి."

"పన్నెండు నేనెత్తలేను అన్నా. సిన్నప్పుడే భుజం కమిలిపోయీది."

"అలవాటు అవుతాది."

"నాకు పందుల్ని సంపాలని లేదు లా. రెండు మోతలు మోగిత్తే సాలు, నెల్రోజులు ఇటేపు రావు."

శివనేశన్ చేపల పులుసు వడ్డిస్తూ, "ఈమెకి ఆ సిన్నది సేతిలో ఉంటే సాలు బావా, మావయ్య పక్కనున్నట్టు ఉంటాదంటాది," అన్నాడు.

పక్కనున్నట్టు. నా బీరువాలో ఉన్నదాని పక్కన ఎవరూ ఉన్నట్టు లేదు.

6 మే

ముప్పై ఒకటి.

18 మే, శనివారం

కాలిపర్ తీసుకొని మళ్ళీ తెలుక్ ఇంటాన్ వెళ్ళినాను, నా తుపాకీ కూడా సంచిలో పెట్టుకొని. తుపాకీకి నూనె కొనాలని మీనాచ్చికి చెప్పినాను.

తుపాకీ విరిచి తెరిస్తే ఫ్రేము ముఖం మీద రెండు చిల్లులు కనిపిస్తాయి, తూటాని గుద్దే సూదులు అందులోంచే వస్తాయి. ఆ రెండు చిల్లుల మధ్య దూరమే అసలు ఫ్రేము సైజు. మిగిలినదంతా దాని చుట్టూ కట్టిన ఇల్లు. నాది కొలిచినాను. దానిది కొలిచినాను. తేడా మూడు మిల్లీమీటర్లకి కొంచెం ఎక్కువ.

మళ్ళీ కొలిచినాను. అంతే.

మూడు మిల్లీమీటర్ల కోసం రెండు వందల కిలోమీటర్లు రానూ పోనూ. కాని ఆ మూడు మిల్లీమీటర్లే గొట్టాలని దగ్గరకి లాగినాయి, మెడని సన్నం చేసినాయి, చెక్కని అరచేతికి సరిపోయేలా చేసినాయి. పనివాడు ముందు నగిషీ మొదలుపెట్టలేదు. అక్కడ మొదలుపెట్టినాడు.

"ఒకసారి ఎత్తి చూడనా?" అన్నాను.

టౌకే ఖాళీగా ఉన్నాదని చూపించి ఇచ్చినాడు. ఎత్తినాను. అదే వచ్చి చెంపకి ఆనినాది. కాని చెక్క పొట్టి. నా మోచెయ్యి ముడుచుకుపోయినాది, బొటనవేలు ముక్కుకి తగిలినాది. నాకు సరిపడదు. నాకు ఎప్పటికీ సరిపడదు. ఆ సంగతి తెలిసినందుకు మనసు తేలికవ్వాలి. అవ్వలేదు.

"చెల్లెలి కాగితం ఏమైంది బాస్?" అన్నాడు టౌకే. "మంచి వస్తువు. ఇక్కడ పడి ఉండడం పాపం."

"వస్తాది," అన్నాను.

24 మే

సుగంధికి నేనే ఫోన్ చేసినాను. ఇద్దరం మార్చుకుందామా అని అడుగుదామనుకున్నాను. వాన గురించి మాట్లాడినాము. అక్కడ రెండు రోజులుగా కురుస్తున్నాదంట. ఇక్కడ లేదని చెప్పినాను.

నాకు సరిపడనిది నాకెందుకు, అదీ తెలియదు. దానికి ఉండకూడదు అని మాత్రం కాదు.

25 మే

నిన్న రాసిన చివరి వాక్యం అబద్ధం.

3 జూన్, సోమవారం

పొద్దుట ఎనిమిదికి గోడౌన్‌లో ఉండగా ఫోన్. సుగంధి నంబరు, గొంతు వేరే. పక్క తోట పోలమ్మ.

"దేవాబావు, బేగి రా. శివనేశన్ని పంది పొడిసేసినాది."

తుపాకీ రాలేదని అతను పోయిన వారం తోట చుట్టూ ఇనప తీగలతో ఉచ్చులు పెట్టినాడంట. తెల్లవారి చూడ్డానికి వెళ్తే ఒక దాంట్లో పెద్ద మగపంది. బతికే ఉన్నాది. కర్రతో దగ్గరకి వెళ్ళినాడు. తీగ తెగినాది.

తొడ. మోకాలి పైనుంచి తుంటి దాకా. రక్తం బాగా పోయినాది. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళినాక నేను చేరినాను. సుగంధి పైట అంతా ఎండిపోయిన రక్తం. పోలమ్మ దాని చేతిలో కాఫీ పెట్టినాది, తాగలేదు. నా భుజం మీద తల ఆనించినాది. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ అలా చేయలేదు.

4 జూన్

ప్రాణానికి భయం లేదన్నారు. కాలు ఎంతవరకు పనిచేస్తాదో ఇప్పుడే చెప్పలేరంట.

"ఆ బాలై వోళ్ళు కాగితం బేగి సూసుంటే..." అన్నాది సుగంధి. "తుపాకీ ఉంటే ఈయన ఆ తీగలు కట్టీవోడు కాదు. వోళ్ళకేటి, కుర్సీలో కూకుంటారు."

నేను తల ఊపినాను.

తల ఊపినాను.

5 జూన్, బుధవారం

సొరుగులోంచి తీసి సంతకం పెట్టినాను. నాలుగు సెకన్లు పట్టినాది.

పోస్టు చేయలేదు. సెలవు పెట్టి తెలుక్ ఇంటాన్ బాలైకి నేనే తీసుకెళ్ళినాను. కౌంటర్‌లో చిన్న వయసు పోలీసమ్మాయి. కాగితం చూసి, పైన సుగంధి రాసిన తేదీ చూసి, కింద నా తేదీ చూసినాది.

"ఇది ఏప్రిల్ రెండు నాటిది కదా అంకుల్. ఇన్నాళ్ళు ఎక్కడ ఉన్నాది? ఆమె ఎన్నిసార్లు ఫోన్ చేసిందో."

"నా దగ్గర," అన్నాను.

మొదటిసారి ఒకరికి నిజం చెప్పినాను. ముక్కూ మొహం తెలియని పిల్లకి. ఆమె స్టాంపు కొట్టి తర్వాతి మనిషిని పిలిచినాది.

9 జూన్, ఆదివారం

చెప్పేసినాను.

శివనేశన్ నిద్రపోతున్నాడు. సుగంధి వరండాలో బల్ల మీద కూర్చొని టిఫిన్ క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాది. పక్కన కూర్చున్నాను.

"కాగితం పోస్టులో పోలేదు సుగంధీ. బాలైలోనూ పోలేదు. నా సొరుగులో ఉన్నాది. రెండు నెలలు."

గిన్నె చేతిలోనే ఉండిపోయినాది.

"మర్సిపోయినావా?"

అవును అంటే అయిపోయేది. దారి చూపించినాది పాపం.

"లేదు. కావాలనే."

"ఎందుకన్నా?"

"నాన్న మంచిది నీకిచ్చినాడు. సాదాది నాకిచ్చినాడు." యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, ఆసుపత్రి వరండాలో, ఆ మాట పైకి వినేసరికి నాకే ఎలాగో అయినాది. అయినా ఆగలేదు. ట్రోజన్ అని, డి గ్రేడు అని, రెండో నంబరు ఫ్రేమని, సున్నా ఫ్రేమని, అన్నీ చెప్పినాను. మూడు మిల్లీమీటర్లు కూడా.

చివరిదాకా విన్నాది.

"నాకు ఫ్రేమంటే ఏటో తెల్దు," అన్నాది. "ఏది మంచిదో తెల్దు. నాన్నకి కూడా తెలుసునో లేదో. నేను అడిగినాను, అంతే. పెళ్ళయి ఇక్కడికొచ్చీటప్పుడు, నాన్నా ఆ సిన్నది నాకియ్యి అన్నాను. నేను పోయినాక తీసుకో లే అన్నాడు. నువ్వెప్పుడైనా అడిగినావా?"

"లేదు."

"ఒక్కపాలి?"

"లేదు."

"మరి నీకు కావాలని ఆయనకెలా తెలుత్తాది? నాకెలా తెలుత్తాది? మొన్న అన్నం తింటా కూడా పందికి పన్నెండు కావాలన్నావు గాని, నాకు అది కావాల అన్లేదు. అనుంటే ఇచ్చేద్దును అన్నా. అమ్మతోడు, ఆ పూటే ఇచ్చేద్దును. కాగితం మీద కూకోడం ఒచ్చినాది గాని నీకు నోరు రాలేదు."

గిన్నెలు పేర్చి మూత బిగించినాది. లేచి నిలబడినాది.

"ఆయన లేత్తే ఈ సంగతి నేనే సెప్తాను. నువ్వు సెప్పకు. ఎల్లిపో."

10 జూన్

ఫోన్ చేసినాను. ఎత్తలేదు.

12 జూన్

ఎత్తలేదు.

16 జూన్, ఆదివారం

నాన్న తూకం వేసినాడనుకున్నాను. ఒక పళ్ళెంలో నన్ను, ఒక పళ్ళెంలో దాన్ని పెట్టి, ముల్లు ఎటు వాలినాదో చూసి ఆ కాగితం రాసినాడనుకున్నాను. ఆయన ఏ తూకమూ వేయలేదు. ఒకరు అడిగినారు, ఇచ్చినాడు. ఒకరు అడగలేదు, మిగిలినది రాసినాడు. ఒక్క నిమిషం పని. కిరాణీ బుర్ర.

ఇది తెలిసి సుఖంగా ఉండాలి. ఉన్నానా? ఇప్పుడు దాని నోరు మీద కడుపు మండుతున్నాది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు, నగల గురించీ చీరల గురించీ అందరూ మాట్లాడుతుంటే, నాన్న దగ్గరకి వెళ్ళి ఆ చిన్న తుపాకీ నాకియ్యి అన్నాది. అంత తేలిగ్గా. నేను ఆయన ఎదురుగా ఎన్నో ఏళ్ళు కాఫీ తాగి ఒక్కటి అడగలేదు. గురి కుదరనప్పుడు చెయ్యి వేసి చూపించమని కూడా అడగలేదు.

అసూయ. రాసేసినాను. అసూయే. మొదటి రోజు నుంచీ అదే.

29 జూన్

మీనాచ్చికి చెప్పినాను, మొత్తం. అన్నం వడ్డించి రోజూలా ఎదురుగా కూర్చోకుండా టీవీ దగ్గరకి వెళ్ళిపోయినాది. చేతులు కడుక్కుంటుంటే వెనకనుంచి తమిళంలో అన్నాది: "ఆయన కాలు బాగవ్వకపోతే ఏం చేస్తారు?"

తెలియదు.

14 జులై

టౌకే ఫోన్ చేసినాడు, వేరే పని మీద. మాటల్లో చెప్పినాడు. సుగంధి పోయిన వారం వచ్చి తుపాకీ తీసుకెళ్ళినాదంట. శివనేశన్ కూడా వచ్చినాడంట, కర్ర పట్టుకొని. నడుస్తున్నాడు. కాలు ఈడుస్తున్నాడు గాని నడుస్తున్నాడు.

గోడౌన్ బాత్‌రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

21 జులై, ఆదివారం

పదకొండోసారి ఫోన్ చేసినాను. ఎత్తినాది.

ఏటి మాట్లాడాలో రాసుకున్నాను, కాగితం ముందే ఉన్నాది. ఏదీ చదవలేదు.

"వచ్చే ఆదివారం నేను అక్కడికి రానా?" అని అడిగినాను.

అటునుంచి ఏదో లారీ వెళ్ళిన చప్పుడు వినిపించినాది.

"నలపై నాలుగు మొక్కలొచ్చినాయి నర్సరీ నుంచి," అన్నాది. "ఈయన పార పట్టలేడు. గుంతలు తియ్యడానికి మనిసి లేడు."

"తీస్తాను."

"మా పార పిడి ఇరిగిపోయినాది. నీది తెచ్చుకో."

28 జులై, ఆదివారం

ఇప్పుడే వచ్చినాను. అరచేతుల్లో బొబ్బలు, పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉన్నాది. అయినా ఈరోజుది ఈరోజే రాయాలి.

శివనేశన్ ఇంటి ముందు కుర్చీలో ఉన్నాడు. కాళ్ళు పట్టుకుందామని వంగినాను. "లెగు బావా, అదే కాలు, నొప్పి," అన్నాడు. కోపం ఉన్నాది. చూపు పక్కకి తిప్పుకున్నాడు. తర్వాత మొక్కలు ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడినుంచే కర్రతో చూపించినాడు. "అంత దగ్గర కాదు. ఇంకో అడుగు. లోతు సాలదు." అతని నుంచి అంతవరకే వస్తే అంతవరకే.

పొద్దుట ఏడుకి మొదలుపెట్టినాను. మధ్యాహ్నానికి ఇరవై రెండు గుంతలు. తిన్నాము. మళ్ళీ మొదలుపెట్టినాను.

నాలుగు దాటినాక సుగంధి తోట చుట్టూ తిరిగి రావడానికి బయల్దేరినాది, తుపాకీతో. గొట్టాలు విరిచి తెరిచి, మోచేతి మీద వాల్చుకొని. ఎండ పక్కనుంచి పడి ఫ్రేము మీది కుక్కలు, పిట్టలు, తీగలు, అన్నీ ఒక్కసారి కనిపించినాయి. సన్నటి మెడ. పట్టుకున్నట్టే లేదు, అక్కడ పుట్టినట్టు ఉన్నాది.

నొప్పి వచ్చినాది. అబద్ధం ఎందుకు, అదే నొప్పి, అదే చోట. తగ్గుతాదనుకున్నాను, తగ్గలేదు.

పార పక్కన పెట్టి లేచినాను.

"సుగంధీ. ఒక్కపాలి ఇలా ఇస్తావా? ఊరికే, పట్టుకుంటాను."

ఆగినాది. తుపాకీ వైపు చూసినాది, నా వైపు చూసినాది. నా బట్టలు, మట్టి, చేతులు.

"కుదర్దు అన్నా," అన్నాది. "లైసెన్సు నా పేరు మీద ఉన్నాది. నీ సేతికిత్తే ఎవడైనా సూత్తే ఇద్దరం బాలైలో కూకోవాల."

నిజమే. చట్టం అదే. నాకు తెలిసినదే.

దాని పెదవి చివర వణికినాది. నవ్వో, ఏడుపో, నాకు తెలియలేదు. దానికీ తెలిసినట్టు లేదు.

"సరే," అన్నాను.

"అడిగినావు గదా," అన్నాది. తుపాకీ మోచేతి మీద సర్దుకొని మొక్కల వరస వెంట వెళ్ళిపోయినాది.

అడిగినాను, లేదన్నాది. ఇన్నేళ్ళు భయపడినది ఇదేనా అనిపించినాది. భూమి బద్దలవ్వలేదు. పార తీసుకున్నాను.

ముప్పై ఎనిమిది అయినాయి. ఇంకా ఆరు గుంతలు మిగిలినాయి, వచ్చే ఆదివారానికి.